గోడకి ఇటు తొమ్మిది, అటు తొమ్మిదిన్నర

యంత్రాల గది, రెండో అంతస్తు
మార్చి 4

మావయ్యకి,

నీ మీద చాలా కోపంగా ఉంది. ముందు ఆ ముక్క రాసేస్తే మిగతాది రాయగలను. నిన్ను సస్పెండ్ చేసి మూడు వారాలైందట. ఆ సంగతి అత్తయ్య రాస్తే తెలిసింది, అదీ దుప్పట్ల గురించి రాసిన ఉత్తరం అడుగున, ఇరుకు అక్షరాల్లో. నువ్వు మాత్రం పెరట్లో కుళాయి కారుతోందని ఒక పేజీ రాశావు. నేనేమైనా పరాయిదాన్నా?

అత్తయ్య రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇంత. మీ పంపు హౌసులో మూడో పంపు లోపలి రెక్కలు విరిగాయి. సంపులో నీళ్ళు సుడి తిరిగి, గాలి పంపులోకి పోయి విరిగాయి. ఆ సుడి కిందటేడు సంపు మధ్యలో కట్టిన కొత్త గోడ వల్ల వచ్చిందని నువ్వంటున్నావు. నీ వల్ల వచ్చిందని గోడ కట్టించిన ఇంజినీరు అంటున్నాడు.

నాలుగేళ్ళుగా పరిశోధన అంటూ నేనిక్కడ చేస్తున్నది అదే పని కదా మావయ్యా. నీళ్ళు ఎలా పోతాయో యంత్రం మీద చూడటం. నువ్వెప్పుడూ సరిగ్గా వినలేదు కాబట్టి మళ్ళీ చెబుతాను. సంపునంతా చిన్న చిన్న గదులుగా కోస్తాను, తేనెపట్టులాగా, గదికి ఆరు పక్కలు. ఒక్కో పక్క నుంచి ఒక చుక్క వస్తుంది, లేదా రాదు. రెండు చుక్కలు ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటే కుడికో ఎడమకో మళ్ళుతాయి. గోడ తగిలితే వెనక్కి పోతాయి. గదికి తెలిసిందంతా అంతే, తన ఆరుగురు పక్కవాళ్ళు తప్ప దానికి లోకం తెలీదు. అలాంటి గదుల్ని లక్షలకొద్దీ పెట్టి, చుక్కలన్నీ ఒకసారి కదిలితే ఒక అడుగు అనుకుని, వేల అడుగులు నడిపిస్తే, దూరం నుంచి చూసినప్పుడు అచ్చం నీళ్ళే. సుడులు కూడా వస్తాయి.

సంపు కొలతలు, గోడ కొలతలు, ఆ రోజు రిజిస్టరు పేజీ నకలు పంపు. వంకలు చెప్పకు.

నీ మేనకోడలు

*

ఇంటి నుంచి
మార్చి 11

అమ్మాయీ,

తర్వాత కోప్పడుదువుగాని, ముందు విను. నీకు రాయకపోవడానికి కారణం సిగ్గు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నా మీద ఒక్క మెమో లేదు.

మా సంపు గోడకి ఒక పలక ఉంటుంది, స్కేలు గీతలతో. గంట గంటకీ కిందకి దిగి, నీటి మట్టం చూసి, పైకొచ్చి రిజిస్టరులో రాయాలి. మట్టం ఒక మీటరు ఎనభై కంటే తగ్గితే మూడో పంపు వేయకూడదు, అది రూలు. ఆ రోజు పది గంటల లెక్క రెండు మీటర్ల పది. నకలు పంపుతున్నాను, చూసుకో. పదీ ఇరవైకి పంపు విరిగింది. అంత నీళ్ళున్నప్పుడు సుడి రాదు, కాబట్టి రిజిస్టరు తప్పు, వీడు నీళ్ళు లేకుండానే పంపు వేశాడని ఇంజినీరు వాదన. అంటే నేను దొంగ లెక్క రాశానని.

గోడ లేనప్పుడు ఎన్నేళ్ళు నడిపాం, ఎప్పుడైనా సుడి వచ్చిందా? గోడ కట్టాక దాని కొస దగ్గర నీళ్ళు మెలికపడటం నా కళ్ళతో చూశాను. ఎవడు వింటాడు? ఆయన డిగ్రీ గోడ కంటే పొడుగు.

రెండు పది దగ్గర గోడ వల్ల సుడి వస్తుందని నీ యంత్రం చూపిస్తే నేను బయటపడతాను. రాదని చూపిస్తే మునిగిపోతాను. అది నీకు తెలిసి మొదలుపెట్టు. విచారణ ఏప్రిల్ 20న.

తేనెపట్టు సంగతి అర్థమైంది. ఆ యంత్రం ఎవరినైనా కుడుతుందా అని మీ అత్తయ్య అడుగుతోంది.

మావయ్య

*

యంత్రాల గది
మార్చి 24

మావయ్యా,

కొలతలు అందాయి. నీ అంకెలు ఇంత గుండ్రంగా ఉంటాయని ఇన్నాళ్ళూ తెలీదు.

నా గోడు విను. ఈ యంత్రంలో పదహారు ప్రాసెసర్లు ఉన్నాయి, అంటే ఒకే పని పంచుకుని చేసే పదహారు మెదళ్ళు. మీ సంపుని పొడుగ్గా పదహారు పట్టీలుగా కోసి తలా ఒకటి ఇచ్చాను. ఎవరి పట్టీలో చుక్కల్ని వాళ్ళు కదుపుతారు. పట్టీ అంచు దాటే చుక్కల్ని మాత్రం పక్కవాడి చేతికివ్వాలి. ఇదంతా బాగానే ఉంది, కానీ యంత్రం నాకు దొరికేది వారానికి రెండు పూటలు, పూటకి రెండు గంటలు. మిగతాదంతా వాతావరణం లెక్కలు వేసేవాళ్ళది. గంట కొట్టగానే వాళ్ళ ఆవిడ వచ్చి నా కుర్చీ వెనక నిలబడి గొంతు సవరించుకుంటుంది. నా లెక్కకి మూడున్నర గంటలు కావాలి. సగంలో ఆపేయడం, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టడం, వారం పైగా ఇదే వరస. ఏడుపొస్తోంది.

మొన్న విసుగెత్తి ఒక పని చేశాను. ప్రతి అడుగు చివరా పదహారు మందీ ఆగి, అందరూ వచ్చారా అని చూసుకున్నాకే ముందుకు పోవాలని ఒక ఆజ్ఞ ఉండేది. సమయమంతా ఆ ఆగడంలోనే పోతోంది. అది తీసేసి గోడ లేని సంపుతో నడిపి చూశాను. పాత లెక్క ఆపేసిన చోటు దాకా పోల్చాను, అక్షరం తేడా లేదు. తీసిపారేశాను. ఇప్పుడు గంటా ముప్పావులో అయిపోతోంది. మా గైడు గారు ఎంత సంతోషించారంటే, ఈ వేగం గురించి పత్రికకి ఒక పేపరు కూడా పంపించేశారు.

ఇక గోడ పెట్టి నడపడమే. కంగారుపడకు.

నీ మేనకోడలు

*

ఇంటి నుంచి
ఏప్రిల్ 2

అమ్మాయీ,

కంగారు లేదు. ఇంట్లో కుళాయిలన్నీ బాగుచేశాను. పక్కింటివాళ్ళవీ అయిపోయాయి. ఇక మీ అత్తయ్య నన్ను చూస్తే చాలు, ఏదో ఒక గిన్నె చేతికిచ్చి దీనికి పిడి బిగించమంటోంది. పగలు ఇంట్లో ఉండే మగాడు ఇంటికి ఎంత అడ్డమో ఇప్పుడు తెలిసింది.

పొద్దున్న షిఫ్టు సైరను ఇక్కడికి వినిపిస్తుంది. వినగానే లేచి చొక్కా వేసుకుంటాను. తర్వాత విప్పేస్తాను.

మా వాళ్ళందరికీ చెప్పాను, నా మేనకోడలు పదహారు మెదళ్ళ యంత్రం మీద మన సంపుని నడుపుతోంది, ఇంజినీరు గారి గోడ సంగతి తేల్చేస్తుంది అని. సూపర్వైజరు కూడా విన్నాడు. సుడి వచ్చిందా? ఒక్క ముక్క రాయి.

మావయ్య

*

హాస్టలు గది
ఏప్రిల్ 12

మావయ్యకి,

ఇక్కడ ఎండలు బాగా ఉన్నాయి. యంత్రాల గదిలో మాత్రం చలి. నేను కులాసా. పని జరుగుతోంది. రిపోర్టు విచారణ సంఘానికి నేరుగా పంపాలని గైడు గారు అన్నారు, బంధువుల చేతుల మీదుగా పోతే విలువుండదట. నిన్న పంపించారు.

అత్తయ్యకి నమస్కారాలు. నువ్వు వేళకి నిద్రపో.

నీ మేనకోడలు

*

ఇంటి నుంచి
ఏప్రిల్ 21

మేనకోడలికి,

విచారణ నిన్న జరిగింది. నీ రిపోర్టు పైకి చదివారు. రెండు మీటర్ల పది మట్టం దగ్గర గోడ వల్ల సుడి ఏర్పడలేదు. ఈ వాక్యం రెండుసార్లు చదివారు. ఇంజినీరు నావైపు తిరిగి, "నేను కాదండీ, మీ మేనకోడలే అంటోంది" అన్నాడు. అందరి ముందూ. సూపర్వైజరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఎండలు బాగా ఉన్నాయా? యంత్రాల గదిలో చలిగా ఉందా? పన్నెండో తారీకున నీకు అంతా తెలుసు. తెలిసి నాకు ఎండల గురించి రాశావు. నేను కొత్త చొక్కా వేసుకుని వెళ్ళానే అమ్మాయీ, గెలుస్తానని.

ఆఖరి విచారణ మే 25న. ఆ రోజు నన్ను తీసేస్తారు. పింఛను సంగతి నీకు చెప్పక్కర్లేదు. నువ్వు చిన్నప్పుడు నా సైకిలు వెనక కూర్చుని ప్రతి మోరీ దగ్గరా ఆపమనేదానివి, నీళ్ళు చూస్తానని. ఆపకుండా ఉండాల్సింది.

మావయ్య

*

యంత్రాల గది
ఏప్రిల్ 28

మావయ్యా,

తిట్టు. ఇంకా తిట్టు. ఎండల గురించి రాసింది పిరికితనం, ఒప్పుకుంటాను. ఆ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. అయిదోసారి ఎండలు వచ్చాయి.

కానీ నన్నేం చెయ్యమంటావు? మూడుసార్లు నడిపాను. మూడుసార్లూ గోడ కొస దగ్గర నీళ్ళు కాస్త ఊగి ఊరుకున్నాయి. సుడి రాలేదు. రానిది వచ్చిందని రాయలేను, నీ కోసమైనా రాయలేను. నేను కోరుకున్న జవాబు చెప్పలేదని యంత్రాన్ని తన్నాను కూడా, బొటనవేలు వాచింది. వాతావరణం ఆవిడ చూసింది.

బొమ్మలన్నీ పంపుతున్నాను, పద్నాలుగు కాగితాలు. సంపులోకి నీళ్ళు వదిలే గేటు ఎత్తిన దగ్గర్నుంచి వరసగా ఉంటాయి. బాణం ఎటుంటే నీళ్ళు అటు పోతున్నట్టు. నువ్వే చూసుకో.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా అడుగుతాను. ఆ రోజు పది గంటలకి మట్టం నిజంగా ఎంత?

నీ మేనకోడలు

*

ఇంటి నుంచి
మే 5

అమ్మాయీ,

నీ బొమ్మలు వంటింటి నేల మీద పరిచాను. మీ అత్తయ్య మూడు రోజులుగా వాటి మీంచి గెంతుతూ వంట చేస్తోంది.

యంత్రాల సంగతి నాకు తెలీదు. నీళ్ళ సంగతి తెలుసు. గేటు ఎత్తితే మొదట ఒక తోపు వస్తుంది, అలలాగా. అది గోడకి రెండు పక్కలా సమానంగా నడిచి, చివరి గోడకి కొట్టుకుని, రెండు పక్కలా ఒకేసారి వెనక్కి తిరుగుతుంది. ఎన్ని వేలసార్లు చూశానో. నీ ఆరో కాగితం తియ్యి. గోడకి ఎడమ పక్కన, గోడని ఆనుకున్న సన్నటి పట్టీలో, బాణాలు అప్పుడే వెనక్కి తిరిగాయి. కుడి పక్కన తోపు ఇంకా చివరికి చేరనే లేదు. తొమ్మిదో కాగితంలో తేడా ఇంకా ఎక్కువ.

అవి ఒకే పూట నీళ్ళు కావే. గోడకి ఇటు తొమ్మిదింటి నీళ్ళు, అటు తొమ్మిదిన్నర నీళ్ళు. రెంటినీ తెచ్చి ఒకే కాగితం మీద అతికించావు. గోడ కొస దగ్గర అటు నీళ్ళూ ఇటు నీళ్ళూ ఒకేసారి కలిస్తేనే మెలికపడేది. వేర్వేరు వేళల్లో వస్తే సుడి ఎక్కణ్ణుంచి వస్తుంది?

మీ గైడు ఈ కాగితాలు చూసే సంతకం పెట్టాడా?

మావయ్య

*

యంత్రాల గది
మే 13

మావయ్యా,

దొరికింది. తప్పు నాది. పూర్తిగా నాదే, యంత్రానిది కాదు, దాన్ని అనవసరంగా తన్నాను.

మార్చిలో ఒక ఆజ్ఞ తీసేశానని రాశాను, గుర్తుందా? అందరూ వచ్చేదాకా ఆగమనేది. గోడ లేని సంపులో పదహారు మందికీ సమానంగా నీళ్ళు, సమానంగా పని. ఆగమని చెప్పకపోయినా కలిసే నడిచారు. అందుకే నా పరీక్షలో తేడా కనబడలేదు. గోడ పెట్టాక, ఆ గోడ మొత్తం ఎనిమిదోవాడి పట్టీలో, కుడి అంచున పడింది. గోడలో చుక్కలుండవు. అంటే వాడికి పని తక్కువ. వాడు తన పని ముగించుకుని, పక్కవాడు కొత్త చుక్కలు ఇచ్చాడా లేదా అని చూడకుండా, అంచు మీద ఉన్న పాతవే మళ్ళీ తీసుకుని ముందుకు పోయాడు. ప్రతిసారీ కొంచెం కొంచెం. నాలుగు వేల అడుగులయ్యేసరికి పక్కవాడి కంటే మూడు వందల అడుగులు ముందున్నాడు. లెక్కబెట్టి చూశాను. నువ్వు వంటింటి నేల మీద చూసి చెప్పావు. నేను నాలుగేళ్ళు చదివి చూడలేదు. రెండు గంటలు మిగుల్చుకుందామని తీసేసిన ఒక్క వాక్యం, మావయ్యా. తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

ఆ వాక్యం తిరిగి పెట్టాను. వాతావరణం ఆవిడ కాళ్ళావేళ్ళా పడితే ఒక రాత్రంతా వదులుకుంది. రెండు పది మట్టం దగ్గర గోడ కొసకి ఆనుకుని సుడి పుట్టింది, పెరిగింది, మూడో పంపు వైపు జరిగి అక్కడే నిలబడింది. గోడ తీసేసి నడిపితే రాలేదు. నువ్వు చెప్పినట్టే.

గైడు గారికి చెప్పాను. వేగం గురించి పంపిన పేపరు ఒప్పుకున్నారట, వచ్చే నెల అచ్చు. అది వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాయాలి, నేనే రాయాలి. రాశాను. ఆయన సంతకం పెట్టి కలం మూత పెట్టకుండానే వెళ్ళిపోయారు.

కొత్త రిపోర్టు తయారవుతోంది. ఈసారి ముందు నీకే చెబుతున్నాను. నువ్వు బయటపడ్డావు మావయ్యా.

నీ మేనకోడలు

*

ఇంటి నుంచి
మే 16

అమ్మాయీ,

నీ ఉత్తరం మీ అత్తయ్య పైకి చదివింది. చదివి ఏడ్చింది. నేను పెరట్లోకి పోయి నిలబడ్డాను.

నువ్వొక ప్రశ్న అడిగావు. ఆ రోజు మట్టం ఎంతని. బొమ్మల్లో తప్పు పట్టి దాన్ని దాటేశాను. ఇప్పుడు చెబుతాను. నాకు తెలీదు. నేను చూడలేదు.

పలక దగ్గరికి ముప్పై రెండు ఇనప మెట్లు. దిగాలి, ఎక్కాలి, షిఫ్టుకి ఎనిమిదిసార్లు. ఆరేళ్ళుగా నా కుడి మోకాలు సహకరించడం లేదు. మట్టం చూపించే మీటరు ఒకటి పైన పెట్టించమని ఎన్ని అర్జీలు పెట్టానో. వాళ్ళు పెట్టలేదు, నేను దిగడం తగ్గించాను. మోటారు శబ్దం వింటే మట్టం ఎంతుందో చెప్పగలను, బెత్తెడు తేడా రాదు. ఆ గర్వం ఒకటి. గంట విడిచి గంట దిగేవాణ్ణి, మధ్య గంటకి పాత అంకె రాసేవాణ్ణి. ఆ రోజు రెండో పంపు దగ్గర ఫిట్టర్లు సుత్తులతో బాదుతున్నారు, ఏ శబ్దమూ వినబడలేదు. పదింటికి రెండు పది అని రాశాను. అది తొమ్మిదింటి అంకె.

నీ ఆరో కాగితం చూడగానే ఎలా పట్టుకున్నాననుకున్నావు? పాత గంట లెక్కని కొత్త గంటలో రాస్తే ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు?

దొంగ లెక్క రాశానని ఇంజినీరు అంటే ఇరవై ఆరేళ్ళ సర్వీసని నీకు రాశాను. నిన్ను యంత్రం దగ్గర కూర్చోబెట్టాను. నీ పేపరు పోయింది. నువ్వు నీ తప్పు వారంలో ఒప్పుకున్నావు. నేను మూడు నెలలు మోశాను. ఇప్పుడు నువ్వేం చెబితే అది చేస్తాను.

మావయ్య

*

యంత్రాల గది
మే 20

మావయ్యా,

నీ ఉత్తరం చదివాక ఒక రోజంతా నీతో మనసులో పోట్లాడాను. నిన్ను నమ్మి వేసిన అంకె అది. గుండ్రంగా ఉందని మెచ్చుకున్నాను కూడా.

తర్వాత గదుల్ని పెద్దవి చేసి, లెక్క నిమిషాల్లో అయ్యేలా కుదించి, మిగిలిన ఒక్క పూటా వాడేశాను. మట్టం తగ్గితే అవే నీళ్ళు తక్కువ లోతులో పోవాలి, వేగం పెరుగుతుంది. రెండు పది నుంచి ఒకటి నలభై దాకా అన్ని మట్టాలకీ నడిపాను. గోడ ఉంటే ప్రతి మట్టం దగ్గరా సుడి వస్తుంది. ఒకటి ఎనభై కంటే తగ్గితే ఆ సుడి రెండింతలు. గోడ లేకపోతే ఒకటి అరవై దాకా ఏమీ లేదు, అక్కణ్ణుంచి చిన్నది వస్తుంది. కాబట్టి గోడ తప్పు. ఆ రోజు మట్టం తక్కువై ఉంటే నీదీ తప్పు. రెక్కలు ఎవరు విరిచారో నా యంత్రం చెప్పదు.

రెండు రిపోర్టులు పంపుతున్నాను, రెంటి మీదా గైడు గారి సంతకం ఉంది. ఒకటి రెండు పదికి మాత్రమే. అందులో ప్రతి అక్షరం నిజం, అదిస్తే నువ్వు బయటపడతావు. రెండోది అన్ని మట్టాలకీ. అదివ్వాలంటే నాకు రాసిన ముక్క వాళ్ళకీ చెప్పాలి.

నువ్వేం చెబితే అది చేస్తానన్నావు. నేను చెప్పను. ఏదిచ్చినా నువ్వు నా మావయ్యవే. కానీ ఏదిచ్చావో నాకు రాయి, ఎండల గురించి రాయకు.

నీ మేనకోడలు

*

పంపు హౌసు
జూన్ 19

అమ్మాయీ,

రెండోది ఇచ్చాను. చూడలేదని నా నోటితోనే చెప్పాను. ఇంజినీరు నవ్వబోయి, గోడ పేజీ చదువుతుంటే ఆపేశాడు.

ఉద్యోగం ఉంచారు. షిఫ్టు ఇన్‌ఛార్జి పదవి తీసేశారు, సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో రాశారు. అందులో ఇప్పటిదాకా ఒక్క ఎర్ర గీత లేదు. గోడ సంగతి పరిశీలిస్తారట. మీటరు సంగతీ పరిశీలిస్తారట. ఆరేళ్ళుగా పరిశీలిస్తూనే ఉన్నారు. మూడో పంపుకి కొత్త రెక్కలు వేశారు, సుడి మాత్రం అక్కడే తిరుగుతోంది, నీ బొమ్మలో ఉన్న చోటే, పోయి చూస్తే ఒళ్ళు మండుతుంది. నిన్న నా కింద పనిచేసినవాడు ఇవాళ నాకు షిఫ్టు వేస్తున్నాడు. వాడికీ మొహమాటంగానే ఉంది.

నీకు యంత్రం పూటలు ఒకటికి తగ్గించారని అత్తయ్యకి రాశావట. నాకు రాయలేదేం?

ఈ ఉత్తరం డ్యూటీలోనే రాస్తున్నాను, మెట్ల మధ్యలో. ఎనిమిదింటికి దిగాను, ఒకటి తొంభై అయిదు. తొమ్మిదింటికి దిగాను, ఒకటి ఎనభై రెండు. పది కావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. మోటారు శబ్దం బాగానే ఉంది, వింటే ఒకటి ఎనభై అనిపిస్తోంది. కాగితం జేబులో పెట్టుకుని దిగుతున్నాను.

పది గంటలు. ఒకటి డెబ్బై నాలుగు. మూడో పంపు ఆపేశాను.

మావయ్య